కిందికి దించిన రోడ్డు

రోడ్డు వేయడం ఎలాగో నాకు కాలేజీలో నేర్పించారు. వేసిన రోడ్డు తీయడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరాక కూడా అలాంటి అవసరం వస్తుందని ఏ పై అధికారీ చెప్పలేదు. మున్సిపాలిటీల్లో కొత్తగా చేరుతున్న మీరు అడిగారు కాబట్టి, నా ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్కసారి చేయించగలిగిన ఆ పని గురించి రాస్తున్నాను. పని బాగానే జరిగింది. జరగాల్సినప్పుడు జరగలేదు, అంతే.

ఊరి పేరు చెప్పను. బందరు, గుడివాడ, దివిసీమ, ఈ మూడింటి మధ్యే నా బదిలీలన్నీ తిరిగాయి. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఇలాంటి వీధి ఒకటి ఉంటుంది. మీ అమ్మమ్మగారి ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది. అరుగు మీద కూర్చుంటే రోడ్డు మీద నడిచేవాళ్ళ మోకాళ్ళు కళ్ళకెదురుగా కనిపించే ఇళ్ళు చూడలేదూ, అవే.

ఆ ఇళ్ళు కుంగినవి కావు. రోడ్డే లేచింది. మొదట కంకర రోడ్డు, దాని మీద తారు, తారు పాడైతే దాని మీద సిమెంటు, ఆ సిమెంటు పగిలితే దాని మీద ఇంకో సిమెంటు. ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. పాతది పగలగొట్టి తీసెయ్యాలంటే ఖర్చు, ఆలస్యం, దుమ్ము. పైన పోసేస్తే పని అయిపోతుంది. అలా పోసుకుంటూ పోతే ఒకనాటికి గడప కంటే రోడ్డు ఎత్తవుతుంది. అప్పుడు వాన నీళ్ళకి వీధి మెరక, ఇల్లు పల్లం. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

నేను ఆ ఊరికి బదిలీ మీద వచ్చేనాటికి వానల తీరు కూడా మారిపోయింది. నెలంతా పడాల్సిన వాన ఒక్క పూటలో కుమ్మరించి పోయేది. దానికి తోడు సముద్రం పోటు మీద ఉంటే పెద్ద డ్రెయిన్‌లోంచి నీళ్ళు వెనక్కి తన్నేవి. ఈ సంగతుల మీద ఇప్పుడు విజయవాడలో ఏసీ హాళ్ళలో సెమినార్లు పెడుతున్నారు. అప్పట్లో మాకు సెమినార్లు లేవు. డీజిల్ మోటార్లు, గోనెసంచులు ఉండేవి.

మా ఆఫీసులో ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్‌గారు ఉండేవారు. నాకంటే వయసులో పెద్ద. పనివాళ్ళతో ఎంత గట్టిగా మాట్లాడినా ఆ గొంతులో తిట్టు ఉండేది కాదు. నమాజు వేళకి పక్కకు వెళ్ళి వచ్చి మళ్ళీ సిమెంటు దుమ్ములో నిలబడేవారు. ఆయన ఇల్లు నేను చెప్పిన వీధిలోనే, బాగా పల్లంలో ఉంది. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియదు. ఆఫీసులో పనిచేస్తున్నాను కదా అని తన వీధి పని చేయమని ఆయన ఏనాడూ అడగలేదు.

నాకు తెలిసింది జాకెట్ల వల్ల. ఆయన ఇంటి పక్కిల్లే ఒక టైలరుది. మొవ్వ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అతను చొక్కాలు, పాంట్లు కుట్టేవాడు. వాళ్ళావిడ జాకెట్లు కుట్టేది. చేయి చాలా మంచిది. నేను జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద నుంచి ఒకావిడ గిల్టు నగల పళ్ళెం పక్కన పెట్టి, టీ గ్లాసులు అందించింది. ఆవిడే మా ఇన్‌స్పెక్టర్‌గారి భార్య. బందరు నుంచి పని తెచ్చుకుని ఇంట్లో కూర్చుని నగల్లో రాళ్ళు పొదిగేది.

టైలర్ భార్య ఇన్‌స్పెక్టర్‌గారిని 'అన్నయ్యా' అని పిలిచేది. వీధి వరసల్లో అందరూ అందరినీ ఏదో ఒకటి పిలుస్తారు కాబట్టి నేనేమీ అనుకోలేదు. ఒకసారి జాకెట్టుకి కొలతలు తీసుకుంటూ ఆవిడే చెప్పింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు చిన్నపిల్ల. ఉన్న ఒక్క అన్నా అందులో పోయాడు.

"పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో మేడమ్‌గారూ, నాకు జొరమొచ్చి పడిపోతే ఆయనే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈయన ఊళ్ళో లేడు. అక్కడ నర్సు, మీకేమవుతాడమ్మా అనడిగింది. అన్నయ్య అని చెప్పేశాను. ఇంక ఆ మాట వెనక్కి తీసుకోలేదు" అని నవ్వింది.

భార్యకి అన్న కాబట్టి టైలర్ ఆయన్ని 'బావా' అనేవాడు. రంజాన్ సాయంత్రాలు ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి గిన్నెలు వచ్చేవి. క్రిస్మస్‌కి ఈ ఇంటి నుంచి కేకు వెళ్ళేది. వాన గట్టిగా పడిందంటే రెండిళ్ళలోకీ ఒకేసారి నీళ్ళు వచ్చేవి. రెండిళ్ళ వాళ్ళూ కలిసే బకెట్లతో తోడి రోడ్డు మీదికి ఎత్తిపోసేవారు. ఎత్తిపోసిన నీళ్ళు కాసేపటికి తిరిగొచ్చేవి.

అదంతా చూశాక లెవెల్ మిషను పెట్టి ఆ వీధి కొలిచాను. ఉన్న రోడ్డు పగలగొట్టి, కింది పొరలన్నీ తీసేసి, ఇళ్ళ గడపల కంటే కిందికి కొత్త రోడ్డు వేయాలని, పక్కన కాలువలకి వాలు సరిచేయాలని ప్రతిపాదన రాశాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈగారు, మంచి మనిషి, రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నారు. చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, రోడ్డు వేశామని చెప్పుకునేవాళ్ళని చూశాను గానీ తీశామని చెప్పుకునేవాళ్ళని చూడలేదు. పంపిస్తాను. ఆశలు పెట్టుకోకు" అన్నారు.

ఆయన అన్నట్టే మొదటిసారి తిరిగొచ్చింది. బాగున్న రోడ్డును ఎందుకు పగలగొడుతున్నారని అడిగారు. రెండోసారి పంపితే, వచ్చే ఎండాకాలం చూద్దామన్నారు. అది ఆ ఎండాకాలం కాలేదు. ఇంకో ఎండాకాలం అన్నారు.

ఈలోగా వీధిలో స్తోమతు ఉన్నవాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. కొందరు పాత ఇళ్ళు పడగొట్టి ఎత్తు మీద కట్టుకున్నారు. కొందరు జాకీలు పెట్టి ఇళ్ళు లేపించుకున్నారు. పునాది చుట్టూ తవ్వి, గోడల కింద వరసగా జాకీలు బిగించి, మేస్త్రీ ఈల వేసినప్పుడల్లా అందరూ ఒక్కసారే తిప్పుతారు. ఇల్లు ఇంత పిసరు లేస్తుంది. కింద ఇటుక కట్టుకుంటూ వస్తారు. ఆ పనివాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చేవారు. తెలుగు రాదు గానీ ఈల అందరికీ అర్థమయ్యేది.

ఒకరోజు జాకెట్ల కోసం వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్‌గారు, టైలరు, వాళ్ళావిడ ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఇన్‌స్పెక్టర్‌గారు లేచి నిలబడ్డారు.

"మేడమ్, మా ఇల్లు లేపించుకుందామని. గోడలు తట్టుకుంటాయో లేదో మీరొకసారి చూస్తారా?"

చూశాను. సిమెంటు కట్టుబడి, గోడలు గట్టివే. ఆ మాటే చెప్పాను. తర్వాత చెప్పాల్సింది కూడా చెప్పాను.

"మీరు ఇల్లు లేపి వాకిట్లో మట్టి పోయిస్తే, ఇన్నాళ్ళూ మీ వాకిట్లో నిలిచే నీళ్ళు కూడా వీళ్ళ వైపు వస్తాయండీ."

ఆయన తలొంచుకున్నారు. "అందుకే మేడమ్ ఇన్నాళ్ళూ ఆగాను" అన్నారు.

టైలరు మధ్యలో అందుకున్నాడు. "ఆగి ఏం సాధించావు బావా? ఇద్దరం కలిసి మునిగితే ఎవరికి లాభం? మీ ఆవిడకి, ఆపాకి, రోజంతా నేల మీద కూర్చుని చేసే నగల పని. నీకు కుదిరింది, నువ్వు లేపుకో. మేడమ్‌గారు ఎటూ వచ్చే ఎండల్లో రోడ్డు తవ్విస్తారుగా. అప్పుడు మాకూ బాధ ఉండదు."

"అంతవరకూ వానొస్తే మీ ఇంటికే వచ్చి కూర్చుంటాం అన్నయ్యా" అంది వాళ్ళావిడ. "ఒక్క ఇల్లన్నా పొడిగా ఉంటుంది. మంచాలు రెండు ఎక్కువ వెయ్యి, సరిపోద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇల్లు లేపిన రోజుల్లో ఆ వీధికి తిరనాళ్ళలా జనం వచ్చారు. ఇన్‌స్పెక్టర్‌గారి భార్య పనివాళ్ళకి టీలు కాచింది. టైలర్ భార్య పకోడీలు వేసి పట్టుకొచ్చింది. గోడలు చిట్లలేదు. ఇల్లు రోడ్డుకి పైన, అందంగా, కొత్తగా నిలబడింది. వాకిలికి మట్టి తోలించి, బండి ఎక్కడానికి సిమెంటు ర్యాంపు వేయించుకున్నారు. ఆ ర్యాంపు నునుపు చేసింది స్వయంగా ఇన్‌స్పెక్టర్‌గారే. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు తుఫాను కార్తీక మాసంలో వచ్చింది. ముందురోజే హెచ్చరిక అందింది. ఇన్‌స్పెక్టర్‌గారు, నేను ఊరికి అవతలి చివర మోటార్ల దగ్గర ఉన్నాం. కాలువ కట్ట దగ్గర నీళ్ళు తోడి అవతలికి పోయించే పని. గాలికి గొడుగు నిలవడం లేదు. పొద్దున్నుంచి ఊళ్ళో కరెంటు లేదు. ఆయనకి ఇంటి నుంచి ఫోను వస్తే మాట్లాడి, "వాళ్ళు మా ఇంటికి వచ్చేశారంట మేడమ్. ఇంక బెంగ లేదు" అన్నారు.

మధ్యాహ్నానికి వాన కాస్త తెరిపిచ్చింది. మళ్ళీ ఫోను మోగింది. ఆయన ఎత్తి విన్నారు. ఫోను చెవి దగ్గరే ఉంది. మోటార్ల మోతలో నాకేమీ వినపడలేదు. "ఏమైందండీ?" అని రెండుసార్లు అడిగాను. ఆయన నీళ్ళలోకి దిగి నడవడం మొదలుపెట్టారు. నేనూ వెనకే వెళ్ళాను.

జరిగిందేమిటో దారిలో ఒకరూ, వీధిలో ఒకరూ చెప్పారు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే ఇన్‌స్పెక్టర్‌గారి ఇంటికి ఎక్కి కూర్చున్నారు. బియ్యం, బట్టలు, బైబిలు, కుట్టుమిషను తల, అన్నీ చేరేశారు. వాన తగ్గాక ఆవిడకి ఒక పెళ్ళివారి జాకెట్ల మూట గుర్తొచ్చింది. బల్ల కింద అరలో ఉండిపోయింది. పరాయివాళ్ళ పట్టుబట్టలు, తడిస్తే ఏం జవాబు చెప్తాను అని దిగింది. టైలరు వెనకాలే దిగబోతుంటే, "మీరెందుకు, ఒక్క మూటేగా" అంది. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. పొద్దున్నుంచి లేని కరెంటు సరిగ్గా అప్పుడే వచ్చింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు గోడకి కిందగా ఉంది. అది అప్పటికే నీళ్ళలో మునిగి ఉంది.

మేము వెళ్ళేసరికి ఆవిడని ఇన్‌స్పెక్టర్‌గారి అరుగు మీద పడుకోబెట్టారు. ఆ దగ్గర్లో పొడిగా ఉన్న అరుగు అదే. ఇన్‌స్పెక్టర్‌గారి భార్య ఆవిడ తలని ఒళ్ళో పెట్టుకుని తడిసిన జుట్టు తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. టైలరు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌గారు ర్యాంపు ఎక్కి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పట్టుకోబోయారు. అతను చెయ్యి తీసేసుకోలేదు. కోపంగా చూడలేదు. ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు.

"నీళ్ళు ఎటో ఒకవైపు పోవాలిగా ఇన్‌స్పెక్టర్‌గారూ."

ఇరవై ఏళ్ళకి పైగా 'బావా' అన్న మనిషి 'ఇన్‌స్పెక్టర్‌గారూ' అనడం నేను విన్నాను.

ఆ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. చర్చి పెద్దలు ప్రయత్నించారు, మసీదు పెద్దలు ప్రయత్నించారు. "నాకు ఆయన మీద కోపం లేదండీ" అని టైలరు అందరికీ చెప్పేవాడు. నాకూ చెప్పాడు. అది నిజమేనని నమ్ముతాను. కోపమైతే ఏదో ఒకనాటికి దిగేది. అతనికి ఆయన ముఖం చూస్తే ఆవిడ గుర్తొచ్చేది, అంతే. ఈయనకీ అంతే. పిట్టగోడ మీదుగా టీ గ్లాసులు అటూ ఇటూ వెళ్ళడం ఆగిపోయింది.

మా ప్రతిపాదన మూడోసారి పంపాం. ఈసారి మా ఈఈగారు ఒక తమాషా చేశారు. అప్పుడే వాతావరణ మార్పులను తట్టుకునే పట్టణాలు అంటూ ఒక స్కీము వచ్చింది. "ఇన్నాళ్ళూ మనం దీన్ని రోడ్డు అన్నాం. అది మన తప్పు. ఇప్పుడు క్లైమేట్ అందాం" అని పైన పేరు మార్చారు. లోపల ఒక్క గీత మార్చలేదు. మంజూరైంది. ఆయన ఆ కాగితం నా చేతికిస్తూ నవ్వలేకపోయారు. నేనూ అంతే.

పిల్లలూ, డబ్బు వస్తే పని అయిపోయిందనుకోకండి. అసలు గొడవ అప్పుడే మొదలైంది. వీధిలో మెరక ఇళ్ళవాళ్ళు రోడ్డు దించడానికి ఒప్పుకోలేదు. వార్డు సచివాలయంలో మీటింగు పెడితే వీధి చివరి మేడ ఇంటాయన లేచి నన్ను నిలదీశాడు.

"మేం మీ రోడ్డు లెవెలు చూసుకునేగా అమ్మా ఇళ్ళు కట్టుకుంది? ప్లాను మీ ఆఫీసేగా పాస్ చేసింది? ఇప్పుడు రోడ్డు రెండు మూడు అడుగులు కిందికి పోతే మా బండ్లు ఎట్లా ఎక్కుతాయి? మా అమ్మ ఎట్లా దిగుద్ది? మీరు ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అడిగినదాంట్లో అబద్ధం లేదు. ఆ రోడ్డులోని ప్రతి పొరా మా ఆఫీసు వేయించిందే. నేను వానల సంగతి, కాలువల సంగతి, పక్క వీధుల్లోకి కూడా నీళ్ళు మళ్ళుతున్న సంగతి చెప్పాను. తల ఊపారు గానీ ఎవరూ మెత్తబడలేదు. టైలరు మీటింగుకి రాలేదు. ఇన్‌స్పెక్టర్‌గారు వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నారు.

పని మొదలుపెట్టాల్సిన రోజు పొద్దున్నే ఆయన నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఇవాళ నాకు సెలవు కావాలి."

నాకు కోపం వచ్చింది. "పని మొదలయ్యే రోజు సెలవేమిటండీ? అక్కడ మనుషులు అడ్డం కూర్చుంటారు. మీరు లేకపోతే ఎట్లా?"

"డ్యూటీలో ఉండి చేస్తే ఆఫీసు చేసినట్టు ఉంటుంది మేడమ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు. సెలవు ఇచ్చాను.

రోడ్డు పగలగొట్టే మిషను వచ్చేసరికి నేను భయపడ్డట్టే మెరక ఇళ్ళవాళ్ళు వీధికి అడ్డంగా స్కూటర్లు, కుర్చీలు వేసి కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపి నా వైపు చూశాడు. నేను కౌన్సిలర్‌గారికి ఫోను చేస్తున్నాను. అప్పుడు ఇన్‌స్పెక్టర్‌గారు లుంగీ, బనీనుతో ఇంట్లోంచి బయటికి వచ్చారు. చేతిలో గునపం ఉంది.

తన ర్యాంపు మీద నిలబడి గునపం ఎత్తి దింపారు. తన చేతులతో నునుపు చేసుకున్న సిమెంటు. మొదటి పోటుకి గీత పడింది. రెండో పోటుకి పెచ్చు లేచింది. అప్పటికే ఎండ ముదిరింది. రిటైర్ కాబోతున్న మనిషి. ఆయాసంతో మధ్య మధ్య ఆగి గునపం మీద వాలుతున్నారు. మళ్ళీ ఎత్తుతున్నారు. మా పనివాళ్ళలో ఇద్దరు సాయం వెళ్ళబోతే చేత్తోనే వద్దన్నారు. కాసేపటికి ఆయన భార్య బయటికి వచ్చింది. కొంగు నడుముకి బిగించి, ఒక బేసిన్ తెచ్చి, విరిగిన పెళ్ళలు అందులోకి ఎత్తడం మొదలుపెట్టింది.

పక్కింటి కిటికీ తెరిచే ఉంది. లోపల కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆగలేదు.

మొదట ఒకావిడ లేచి తన స్కూటరు తీసేసింది. తర్వాత ఇంకొకరు కుర్చీ మడిచారు. ఆఖరికి మేడ ఇంటాయన ఒక్కడే మిగిలాడు. చాలాసేపు అలాగే కూర్చుని, లేచి, కుర్చీ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"కానివ్వండమ్మా. మా ర్యాంపు కొట్టేటప్పుడు మాత్రం గేటుకి తగలనివ్వకండి" అన్నాడు.

రోడ్డు తవ్వుతుంటే పొరలు బయటపడ్డాయి. సిమెంటు, దాని కింద సిమెంటు, తారు, కంకర, అన్నిటికీ అడుగున గానుగ సున్నంతో కట్టిన చిన్న కాలువ. మట్టితో పూడిపోయి ఉంది. మట్టి తీయించి నీళ్ళు పోయించి చూస్తే, పెద్ద డ్రెయిన్ వైపు చక్కగా పారాయి. మేం కొత్తగా చేసిందేమీ లేదు. మా ఆఫీసు పూడ్చిపెట్టినదాన్నే మా ఆఫీసు బయటికి తీసింది.

మీకు చెప్పదగిన పాఠం ఏదైనా ఉంటే ఇదొక్కటే. రోడ్డుకి లెవెల్ తీసేటప్పుడు దానికి రెండువైపులా ఉన్న గడపల లెవెల్ కూడా తీయండి. అన్నిటికంటే పల్లంలో ఉన్న గడపని బట్టి రోడ్డు వేయండి. ఎత్తులో ఉన్నవాళ్ళకి మెట్లు కట్టుకునే ఓపిక ఉంటుంది.

ఆ వానాకాలం మొదటి పెద్ద వాన పగలే పడింది. నేను గొడుగు వేసుకుని ఆ వీధికి వెళ్ళాను. జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. నీళ్ళు కాలువల్లోకి దిగి గలగలా పోతున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. టైలరు గడప దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. గడప పొడిగా ఉంది. కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అంత మంచి పని చేయించాక ఇంజనీరుకి ఎలా ఉండాలో నాకు అలా లేదు. ఆవిడ కుట్టిన జాకెట్టే ఆ రోజు నా ఒంటి మీద ఉంది.

రోడ్డు దిగాక ఇన్‌స్పెక్టర్‌గారి ఇల్లు గాల్లో వేలాడుతున్నట్టు అయింది. వీధి ఇరుకు. మెట్లు ముందుకి రావడానికి చోటు లేదు. నిచ్చెనలాగా నిటారుగా కట్టుకోవాల్సి వచ్చింది. ఆయన రిటైరయ్యారు. మోకాళ్ళు నొప్పులు పట్టాయి. మెట్ల పక్కనున్న ఇనపగొట్టం పట్టుకుని పక్కకి తిరిగి దిగేవారు. తర్వాత నాకు గుడివాడ బదిలీ అయింది. నేనూ రిటైరై బందరు వచ్చేశాను.

కిందటి చలికాలంలో ఆయన పోయారని కబురు వచ్చింది. గుండెపోటు. బస్సు పట్టుకుని వెళ్ళాను. జనం బాగా వచ్చారు. పాత పనివాళ్ళు, ఆఫీసువాళ్ళు, ఎక్కడెక్కడి కాంట్రాక్టర్లో కూడా. ఆడవాళ్ళం లోపల ఆయన భార్య దగ్గర కూర్చున్నాం.

జనాజా ఎత్తి గుమ్మం దాకా తెచ్చారు. అక్కడ ఆగిపోయింది. మెట్లు నిటారుగా ఉన్నాయి. ముందు పట్టుకున్నవాళ్ళు దిగితే పాడె ముందుకి ఒరిగిపోతుంది. వెనకవాళ్ళు వంగడానికి చోటు లేదు. "కాస్త ఆగండి, కాస్త ఆగండి" అని అరుస్తున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పక్కింటి తలుపు తెరుచుకుని టైలరు బయటికి వచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. జనంలోంచి దారి చేసుకుని మెట్ల కిందికి వచ్చి, రెండు చేతులూ పైకి చాచి నిలబడ్డాడు. పైనున్నవాళ్ళు పాడె ముందు కొసని మెల్లగా అతని చేతుల్లోకి వదిలారు. అతను దాన్ని తల మీదుగా భుజానికి దించుకున్నాడు. మెట్టు మెట్టుకీ కిందికి దింపించి, ఆ భుజం తీయకుండానే వాళ్ళతో పాటు ఖబరస్తాన్ దాకా వెళ్ళాడు.

సాయంత్రం నేను బయల్దేరేసరికి అతను తిరిగి వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి, "మేడమ్‌గారూ" అన్నాడు. ఆగాను.

"ఆయన రిటైరయ్యాక కూడా మీతో మాట్లాడేవాడా అండీ?"

"మాట్లాడేవారండీ. వాన పడినప్పుడల్లా ఫోను చేసేవారు."

"వాన పడితేనా? ఎందుకు?"

"పక్కింట్లోకి నీళ్ళు రాలేదు మేడమ్ అని చెప్పేవారు. ఇంకేమీ మాట్లాడేవారు కాదు. ఆ మాట చెప్పి పెట్టేసేవారు. ఎంత చిన్న వానైనా సరే."

అతను పంపు కట్టేశాడు. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ పైన ఆ ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా అండీ" అన్నాడు.